కడెం కట్ట చెప్పిన పాఠము
వాక్యభాగము: ఎఫెసీయులకు 4:26–32

ప్రియులారా, మొన్న మన సంఘస్థులము వ్యాను మాట్లాడుకొని కరీంనగరునుండి నిర్మల్ జిల్లాలోని కడెం జలాశయమునకు పోయితిమి. కొండల నడుమ నీరు నిశ్చలముగా నుండెను. అయితే 1958లో ఇక్కడ వరద కట్టమీదుగా పొర్లి గండిపడెను. 2022 జూలైలో మరల పెనువరద రాగా, 18 గేట్లలో 17 ఎత్తిరి, ఆనకట్ట నిలిచెను.

మన వ్యానులో ఏడాదిగా మాటలులేని అన్నదమ్ములిద్దరుండిరి. కోపమును నిలువచేసిన హృదయమును అట్టి కట్టయే. గేటు ఎత్తనిచో గండి తప్పదు. భోజనవేళ తమ్ముడు, “అన్నా, తిన్నవా?” అనెను. అన్న తన సద్దిమూట విప్పి వాని ముందుంచెను.

ధ్యానించుడి: నేడు ప్రొద్దుగూకక మునుపే నీవు ఎవరిని పలుకరింపవలెను? ప్రభువు మనకు తోడైయుండునుగాక. ఆమేన్.