తార్సునకు వెళ్లినది ఎవరు?



మన సంఘములలో తెలివిగలవారికి కొదువ లేదు. వారికి తగిన పనిని వెదకిపెట్టువారే కొదువ. ఒక పిల్లవాడు ఎవరును నేర్పకుండనే పంపుసెట్టు విప్పి బాగుచేయును. ఒక అమ్మాయి నోటిలెక్కలలో పెద్దలను మించును. మనము మెచ్చుకొందుము, మెచ్చుకొని ఊరకుందుము. పదియేండ్లు గడచునప్పటికి ఆ పిల్లవాడు పట్టణములో ఏదో గేటు వద్ద కాపలా కాయుచుండును. ఆ అమ్మాయి లెక్కలు మరచిపోయి యుండును. "వారి ప్రాప్తము అంతే" అని మనము నిట్టూర్చుదుము. ఇది నిజముగా ప్రాప్తమేనా, లేక మన అశ్రద్ధయా? ఈ నెల పాఠములో దీనిని ఆలోచింతము.

అపొస్తలుల కార్యముల గ్రంథము 9వ అధ్యాయములో సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులందరు అతనికి భయపడిరి. బర్నబా ఒక్కడే అతని చేయి పట్టుకొని అపొస్తలుల యొద్దకు తోడుకొని పోయెను. పిమ్మట సౌలునకు ప్రాణాపాయము కలుగగా సహోదరులు అతనిని తార్సునకు పంపివేసిరి. అక్కడనుండి 11వ అధ్యాయము వరకు ఈ గ్రంథములో అతని మాటయే లేదు. ఆ కాలములో అంతటి పండితుని ఎవరు తలంచుకొనిరి?

తలంచుకొన్నవాడు బర్నబాయే. అంతియొకయలో పని పెరిగెను. క్రొత్తగా చేరిన అన్యజనులకు బోధించువాడు కావలెను. ఆ కొదువను చూచినప్పుడు బర్నబాకు సౌలు జ్ఞాపకమునకు వచ్చెను. ఉత్తరము వ్రాసి ఊరకుండక, నూరు మైళ్లకు పైగా దూరమున నున్న తార్సునకు తానే వెళ్లి, వెదకి, తోడుకొని వచ్చెను. ఇద్దరును ఒక సంవత్సరమంతయు కలిసి బోధించిరి. సౌలునకు వరము అంతకు ముందే యున్నది. లేనిది ఆ వరమునకు తగిన స్థలము.

మన తెలుగుదేశములోనే ఇట్టి మరియొక చరిత్ర కలదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో పుట్టెను. మెట్రిక్యులేషను పరీక్షలో తప్పి, మూడవ ప్రయత్నమున గట్టెక్కెను. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. అమెరికాకు వెళ్లి చదువుకొనుచు, పొట్టగడుపుకొనుటకు రాత్రివేళ ఆసుపత్రిలో కూలియై రోగుల మలపాత్రలు కడిగెను. 1925లో ఫిస్కె అను ఆచార్యునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అయినను హార్వర్డు విశ్వవిద్యాలయము అతనికి స్థిరమైన ఉద్యోగమియ్యలేదు.

1940లో లెడర్లీ అను మందుల సంస్థ అతనికి పరిశోధనాలయమును అప్పగించెను. అతడు 1948లో మరణించెను. నడుమ ఎనిమిదేండ్లే. ఆ కొద్దికాలములో అతని నాయకత్వమున రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము తయారాయెను. రక్తపు క్యాన్సరునకు నేటికిని వాడు మెతోట్రెక్సేటు అక్కడిదే. మన గ్రామములలో బోదకాలు వ్యాధి నివారణకై ప్రభుత్వము పంచుచు వచ్చిన డి.ఇ.సి. మాత్రల మందును అక్కడ వెలువడినదే.

ఇంకొక సంగతి గమనింపుడి. బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు డెబ్బదియేండ్లు దాటి, విశ్వవిద్యాలయములో పదవీ విరమణ చేసెను. అట్టి వృద్ధునకు సుబ్బారావు పరిశోధనాలయములో పని దొరకెను. మట్టిలోని సూక్ష్మజీవులను వెదకిన ఆ వృద్ధుడు ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు తెలిసెను. తగిన స్థలము దొరకినవాడు ఇతరులకును స్థలమిచ్చెను.

ఇక మనము చేయదగినదేమి?

మొదటిది, చూడవలెను. మార్కుల కాగితము ఒక్కటే చాలదు. మెట్రిక్యులేషను తప్పిన సుబ్బారావును ఆ కాగితముతో ఎవరు గుర్తింపగలరు? ఎవరును చెప్పకుండ ఆ పిల్లవాడు ఏ పనికి చేయిచాచుచున్నాడో కనిపెట్టుడి.

రెండవది, కొదువ ఎక్కడ నున్నదో తెలిసికొనవలెను. తెలివి ఒక చోట, కొదువ ఒక చోట నుండును. ఆ రెంటిని కలుపుటయే తగిన పని చూపుట. సంఘపు లెక్కలు, ఆదివార పాఠశాల, పొదుపు సంఘపు పద్దులు మొదటి మెట్లు కావచ్చును. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, నర్సింగు శిక్షణ తరువాతి మెట్లు.

మూడవది, తోడు వెళ్లవలెను. "పట్టణములో అడిగి చూడుము" అని చెప్పుట సులువు. దరఖాస్తు నింపి, బస్సు చార్జీ పెట్టుకొని, కార్యాలయము వాకిట తోడుగా నిలుచుట బర్నబా పని.

చిన్న పని చేయుట సిగ్గు కాదు. పౌలు కొరింథులో డేరాలు కుట్టెను. సుబ్బారావు పాత్రలు కడిగెను. యౌవనులారా, అట్టి పనిని తృణీకరింపకుడి. పెద్దలారా, "నీకు ఇది చాలును" అని వారిని అక్కడనే నిలుపకుడి.

కడపటిది కష్టమైనది. మొదట "బర్నబాయు సౌలును" అని వ్రాయబడిన పేర్లు 13వ అధ్యాయములో "పౌలును బర్నబాయు" అని మారెను. తాను తెచ్చినవాడు తన్ను మించెను. మన చేతి సాయముతో పైకి వచ్చిన కూలివాని కుమారుడు రేపు మనకంటె ముందు కూర్చుండినయెడల మన మనస్సు ఓర్చుకొనునా? అనేక ఊళ్లలో తెలివిగల పిల్లలు మరుగున పడియుండుటకు బీదరికముతోపాటు ఈ ఓర్వలేనితనమును కారణమని మేము తలంచుచున్నాము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో తగిన పని లేక కూర్చున్న సౌలు ఎవరు? పేరు చెప్పుడి.
2. వారికి తెలిసిన విద్య ఏది? అది ఎవరికి కావలసియున్నది?
3. వారికొరకు ఈ నెలలో తార్సునకు వెళ్లువారెవరు?