మంత్రుల వైరం – నాయకుని సమదృష్టి

రాజ్యానికి వెలుపలి కోపం కంటె లోపలి కోపమే అధిక ప్రమాదకరమని కౌటిల్యుని అర్థశాస్త్రం బోధిస్తున్నది. భీష్ముడు సేనాధిపతిగా ఉన్నంతకాలం కర్ణుడు యుద్ధానికి దూరంగా ఉండిపోవడం మనమెరిగినదే. ఆధునిక చరిత్రలోనూ అటువంటి ఘట్టమొకటి ఉన్నది. అది అమెరికా అంతర్యుద్ధ కాలం నాటిది.

1860లో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ పక్షం అభ్యర్థిని ఎన్నుకొన్నప్పుడు అబ్రహాం లింకన్‌తో పోటీపడినవారిలో విలియం సీవార్డ్, సాల్మన్ చేజ్ ముఖ్యులు. అధ్యక్షుడైన పిదప లింకన్ వారిని దూరం చేసుకోలేదు. సీవార్డ్‌కు విదేశాంగ శాఖను, చేజ్‌కు ఆర్థిక శాఖను అప్పగించాడు. 1861 ఏప్రిల్‌లో యుద్ధం ఆరంభమైనది. మంత్రులిద్దరూ సమర్థులే; కాని ఒకరికొకరు సరిపడరు.

1862 డిసెంబర్ 13న ఫ్రెడరిక్స్‌బర్గ్ వద్ద ప్రభుత్వ సేనలు ఘోరంగా ఓడిపోయాయి. ఓటమి నింద ఎవరిపై మోపాలనే వెదుకులాట మొదలైనది. అధ్యక్షుడు సీవార్డ్ మాటకే లోబడుతున్నాడనీ, తక్కిన మంత్రులను సంప్రదించడం లేదనీ చేజ్ అంతకుముందే సెనేటర్ల చెవిన వేసి ఉన్నాడు. వారు సీవార్డ్‌ను తొలగింపజేయ సంకల్పించారు. అది తెలిసి సీవార్డ్ రాజీనామా పంపాడు.

18వ తేదీన సెనేటర్ల బృందం వచ్చి చెప్పినదంతా లింకన్ శాంతంగా విన్నాడు. మరునాటి రాత్రి వారిని మరల రప్పించి, సీవార్డ్ మినహా మంత్రులనందరినీ వారి ఎదుట కూర్చుండబెట్టాడు. మంత్రివర్గంలో ఐకమత్యం ఉన్నదా, లేదా అన్న ప్రశ్న అందరి సమక్షంలో వచ్చినది. చాటున పలికిన మాటను సహచరుల ముందు పలుకలేక, మొత్తం మీద ఐకమత్యం ఉన్నదని చేజ్ ఒప్పుకోవలసి వచ్చినది. 20వ తేదీన ఆయనా రాజీనామా తెచ్చాడు.

సీవార్డ్‌ను మాత్రమే పంపివేస్తే మంత్రులను నిర్ణయించే అధికారం సెనేటర్ల పాలవుతుంది. చేజ్‌ను మాత్రమే పంపివేస్తే ఆయన వర్గం దూరమవుతుంది. లింకన్ రెండు రాజీనామాలనూ నిరాకరించి, ఇరువురినీ పనిలో నిలిపాడు. పట్టుమని పక్షం రోజులు గడవకముందే, 1863 జనవరి 1న, తిరుగుబాటు ప్రాంతాలలోని బానిసలకు విముక్తి ప్రకటన వెలువడినది.

1864 జూన్‌లో చేజ్ మరల రాజీనామా ఇచ్చినప్పుడు లింకన్ ఆమోదించాడు. అయినా పగ పట్టలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయనను సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నియమించాడు.

కుటుంబానికైనా, ధర్మసంస్థకైనా ఈ ఘట్టం చెప్పే నీతి ఒక్కటే. ఆరోపణను చాటున విని తీర్పు చెప్పరాదు. ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చుండబెట్టి వినవలెను. మనిషిలోని లోపాన్ని ఎరిగియుండియు అతని సామర్థ్యాన్ని పదిమంది మేలుకు వినియోగించువాడే నిజమైన పెద్ద.