దగ్ధభూమి నేర్పు పాఠము

విద్యార్థులారా! కార్చిచ్చు అనగా అరణ్యములందు రేగెడు అగ్ని యని మీరు చదువుకొని యున్నారు. కాని అది అరణ్యములకే పరిమితమైనది కాదు. ఎండుగడ్డి, గాలి, ఒక నిప్పురవ్వ, ఈ మూడును గూడిన చోట నెల్ల అది వ్యాపింపగలదు. 1918వ సంవత్సరమున స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము మిక్కిలి విశాలమైనది. తార్నాక, రామంతాపూర్ మున్నగు జనావాసములు దాని పరిసరములందే యున్నవి. వానకాలమున పెరిగిన గడ్డి ఎండకాలము వచ్చుసరికి చితుకువలె ఎండిపోవును. ఆ దినములలో బీళ్లు కాలి నల్లబడి యుండుట అచ్చటివారికి క్రొత్త గాదు. అట్టి నేలను చూచి ఊరక సాగిపోక, అది మనకేమి తెలుపుచున్నదో విచారింతము.

మొదట మట్టిని గూర్చి. గడ్డిమంట త్వరగా సాగిపోవును గనుక, రెండు మూడు అంగుళముల లోతున మట్టి అంతగా వేడెక్కదు. అందుచేతనే గరిక వేళ్లు బ్రదికియుండి తొలకరికి మరల చిగుర్చును. కాని దుంగలును చెత్తకుప్పలును నిలిచి కాలిన తావులందు వేళ్లు, విత్తనములు, వానపాములు నశించును. మిక్కుటముగ కాలిన నేల కొన్నియెడల నీటిని పీల్చుకొనజాలదు. అప్పుడు వాననీరు బూడిదను మట్టిని గొనిపోయి చెఱువులలోను కాలువలలోను చేర్చును.

రెండవది, అగ్ని ఇండ్లకు ప్రాకు విధము. 2018 నవంబరు 8వ తేదీన అమెరికాదేశమందలి కాలిఫోర్నియాలో, విద్యుత్తు తీగల లోపము వలన పుట్టిన కార్చిచ్చు పారడైజు అను పట్టణమును దహించెను. 85 మంది మరణించిరి; 18,000లకు పైగా కట్టడములు నాశనమయ్యెను. పిమ్మట చూడబోయినవారికి ఒక వింత కానవచ్చెను. ఇండ్లు పునాదుల వఱకు బూడిదయై యుండగా, వాని ప్రక్కనే పెక్కు చెట్లు పచ్చగా నిలిచియుండెను. ఇదెట్లు? గాలికి ముందుగా ఎగిరివచ్చిన నిప్పురవ్వలు ఇంటికప్పుమీది ఎండుటాకులలోను, కఱ్ఱకంచెలలోను, గోడల సందులలోను పడి రాజుకొనెను. తరువాత ఇంటినుండి ఇంటికి మంట అంటుకొనెను. కాబట్టి ఇంటిచుట్టు నాలుగడుగులలో ఏమి యున్నదో, దానిపైననే ఆ ఇంటి క్షేమము చాలవఱకు ఆధారపడి యుండును. కాలిన ఆ పట్టణమున త్రాగునీటి గొట్టములలో బెంజీను అను విషద్రవ్యము చేరుటచేత, ఇల్లు మిగిలినవారు సహితము చాలకాలము కొళాయి నీరు త్రాగజాలకపోయిరి.

మన ప్రాంతమందును ఇట్టి యుపద్రవము కలుగలేదా? 2014 మార్చిలో తిరుమల చెంత శేషాచల వనములు మండగా, వాయుసేన హెలికాప్టరులు నీరు తెచ్చి చల్లవలసి వచ్చెను. వాలునేలపై జ్వాల పైనున్న గడ్డిని ముందే వేడిచేయును గనుక, మంట గుట్టపైకి మిక్కిలి వేగముగ ప్రాకును. అట్టివేళ గుట్ట యెక్కి తప్పించుకొనజూచుట అపాయకరము.

మూడవది, మనుష్యులను గూర్చి. బీళ్ల అంచున గుడిసెలలోను రేకుల ఇండ్లలోను నివసించు పేదలకు ఒక్క గడియలో సర్వస్వము పోవచ్చును. బట్టలు, పాత్రలు దాతలు ఇయ్యగలరు. కాని రేషనుకార్డు, బ్యాంకు పుస్తకము, పిల్లవాని పదవ తరగతి సర్టిఫికెట్టు ఎవరు దానము చేయగలరు? మంట చల్లారిన మఱునాడు అన్నము తెచ్చువారు పలువురుందురు. నెల గడచిన పిమ్మట అర్జీ వ్రాసిపెట్టి కచేరీకి తోడువచ్చువారు అరుదు. చదువు నేర్చిన మీరు చేయదగిన సాయము ఇదియే.

తలిదండ్రులకు ఒక మనవి. జాతీయ హరిత ట్రిబ్యునలు 2016 డిసెంబరులో బహిరంగముగ చెత్త కాల్చుటను నిషేధించి, కాల్చినవారికి 5,000 రూపాయల జరిమానా నిర్ణయించినది. రాలిన ఆకులను కాల్చక గోతిలో వేసి ఎరువు చేయుడు. ముఖ్యమైన కాగితములకు నకళ్లు తీయించి బంధువుల యింట నుంచుడు. మంట కనబడినచో పిల్లలను దూరముగ నిలిపి 101కి ఫోను చేయుడు.

విద్యార్థులారా! ఈ వేసవి సెలవులలో మీ వీధిలోని ఖాళీస్థలములను చూచి మూడు సంగతులు వ్రాసికొని రండు: ఎండుగడ్డి యెంత యున్నది? గాలి యే దిక్కునకు వీచుచున్నది? ఆ దిక్కున మొదటి ఇల్లు ఎవరిది? మూడవ ప్రశ్నకు మీరు వ్రాయు పేరు గలవారితో ఆ దినమే మాటలాడుడు.