రోవర్ కొనే ముందు

ముత్తుకూరు నుంచి అల్లూరు దాకా రొయ్యల గుంటల మధ్య కొలత పనికి దిగే కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే: ఉపగ్రహ సిగ్నళ్లతో స్థానం కొలిచే చవక రిసీవర్ సరిపోతుందా, లక్షలు పోసి పేరున్న రోవరే (పోల్ మీద పెట్టి తిప్పే రిసీవర్) కొనాలా? చేసే పనిని బట్టి తేల్చుకోండి.

ఆరుబయట సెల్‌ఫోన్ చూపే స్థానం నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. గుంటకు దారి చూపడానికి అది చాలు. గెట్టు తేల్చడానికి పనికిరాదు. 100 మీటర్ల కట్ట 5 మీటర్లు జరిగితే 12 సెంట్లు అవతలివాడికి పోతాయి. తెలిసిన చోట కదలకుండా ఉండే రిసీవర్ (బేస్) నుంచి సవరణలు అందే రోవర్‌తో కొలిస్తే తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేకు కార్స్ స్టేషన్లు (ఎప్పుడూ నడిచే శాశ్వత బేస్‌లు), రోవర్లు వాడింది అందుకే.

రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే చవక రిసీవర్ కూడా సవరణలు అందితే బయలులో ఇంతే కచ్చితంగా కొలుస్తుంది. దాని బలహీనత సరుగుడు తోపు పక్కన, రేకుల షెడ్డు దగ్గర బయటపడుతుంది. అక్కడ తగిలి తిరిగొచ్చే సిగ్నళ్లను ఖరీదైన యాంటెన్నా బాగా వడకడుతుంది. ఉప్పుగాలికి, వానకు ఓర్చుకునే గట్టిదనం, రిపేరు వస్తే పలికే మనిషి కూడా ఆ ధరలోనే ఉంటాయి.

ఏది కొన్నా ఇవి మానొద్దు:

1. తెరపై ‘ఫిక్స్’ (సెంటీమీటర్ల లెక్క కుదిరిందనే గుర్తు) పడ్డాకే పాయింటు తీయండి. లెక్క ఇంకా కుదరని ‘ఫ్లోట్’లో తీస్తే తేడా అడుగుల్లోకి పోవచ్చు.

2. పని మొదట్లో, చివర్లో స్థానం ముందే తెలిసిన రాయి మీద పోల్ నిలిపి సరిచూడండి. హద్దు రాళ్లను అరగంట ఆగి, కొత్తగా ఫిక్స్ తెచ్చుకుని రెండోసారి కొలవండి.

3. ఫోన్ నెట్ ద్వారా వచ్చే సవరణలు అందని తీరంలో సొంత బేస్ తెలిసిన పాయింటు మీదే పెట్టండి.

4. పొద్దుగూకాక కొలత ఆపేయండి. మన ప్రాంతంలో మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు రాత్రుల్లో పై వాతావరణంలోని అయనోస్ఫియర్ పొర అలజడికి ఫిక్స్ తరచూ తెగుతుంది.

5. మైపాడు బీచ్ ఇసుకలో నిలబడినా రోవర్ ముడి ఎత్తు మైనస్ 80 మీటర్లు దాటి చూపిస్తుంది. ఉపగ్రహాల లెక్కలోని భూమి ఆకారానికీ, అసలు సముద్ర మట్టానికీ ఇక్కడ అంత ఎడం ఉంది. బెంచ్‌మార్క్‌కు (సముద్ర మట్టం నుంచి ఎత్తు తెలిసిన గుర్తు) కలపకుండా ఆ అంకెతో కాలువ వాలు తీయకండి.

కొత్తగా దిగేవారికి బేస్, రోవర్ కలిపి చవక జత చాలు. చెట్ల కింద, ఊరి మధ్య పని వచ్చిన రోజు మంచి రోవర్ అద్దెకు తెచ్చుకోండి. ఎఫ్‌ఎంబీ (ప్రభుత్వ పొలం కొలతల పుస్తకం) చూడకుండా, పక్క రైతును పిలవకుండా మాత్రం ఏ రిసీవర్‌తోనూ హద్దు రాయి పాతకండి.