ఓఎస్ మార్చాక వైఫై రాకపోతే?



2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం లేదా ఆ పై ప్రాసెసర్ ఉండాలి. హాస్టల్ విద్యార్థులు కొనుక్కునేవి ఎక్కువగా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు. వాటిలో చాలావాటికి ఆ అర్హత లేదు. అలాంటి వాటికి ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లే దిక్కు. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగులోనే ఓఎస్ తయారుచేసింది.

అయితే ఓఎస్ మార్చగానే కొందరికి వైఫై మాయమవుతుంది. ఈ-పాస్ రెన్యువల్, దోస్త్, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు అన్నీ గడువు తేదీలతో నడిచేవే. ఆ రెండు రోజులు నెట్ లేకపోతే ఒక సీటు, ఒక ఏడాది ఫీజు ప్రమాదంలో పడతాయి. ‘కార్డు కాలిపోయింది’ అనుకుని దిల్‌సుఖ్‌నగర్ షాపులకు పరుగెత్తే ముందు ఈ కింది వరుసలో చూడండి.

అసలు కారణం ఏమిటి?

హాస్టల్‌కు కొత్త వార్డెన్ వస్తే రిజిస్టరు చూడనిదే ఎవరు ఏ గదో తెలియదు. కొత్త ఓఎస్ కూడా అంతే. వైఫై కార్డుతో ఎలా పనిచేయించాలో చెప్పేది డ్రైవర్. కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం ఫర్మ్‌వేర్. పాత ఓఎస్‌తోపాటు ఈ రెండూ పోతాయి. కొత్త దానిలో అవి లేకపోతే, కార్డు బాగానే ఉన్నా వైఫై రాదు.

వరుసగా చూడవలసినవి

1. అదే చోట ఫోన్‌కు వైఫై వస్తోందా? రాకపోతే తప్పు రూటర్‌ది. ఇతరుల వైఫై పేర్లు కనిపించి మనది మాత్రమే కనిపించకపోతే, మన రూటర్ 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే నడుస్తోందేమో చూడండి. చాలా పాత కార్డులకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు.

2. ఏరోప్లేన్ మోడ్ ఆపండి. పాత ల్యాప్‌టాప్‌లకు పక్కన వైఫై స్విచ్ కూడా ఉంటుంది. లినక్స్ టెర్మినల్‌లో ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ అనే ఆదేశం ఇవ్వండి. ‘హార్డ్ బ్లాక్‌డ్’ ఎదుట ‘ఎస్’ అని ఉంటే స్విచ్ సంగతి చూడాలి. ‘సాఫ్ట్ బ్లాక్‌డ్’ ఎదుట ఉంటే ‘ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ ఇస్తే సరి.

3. కార్డు ఎవరిదో తెలుసుకోండి. లినక్స్‌లో ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఆదేశం పేరు చూపిస్తుంది. విండోస్ అయితే డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడాలి. అందులో 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్, 168సీ ఉంటే ఎథిరోస్. ఇంటెల్, ఎథిరోస్ కార్డులు లినక్స్‌లో సాధారణంగా ఇబ్బంది పెట్టవు. బ్రాడ్‌కామ్‌కు, కొన్ని రియల్‌టెక్ కార్డులకు డ్రైవర్ విడిగా వేయవలసి వస్తుంది.

4. డ్రైవర్ దింపుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి! ఈ చిక్కుముడికి విరుగుడు మన ఫోనే. డేటా కేబుల్‌తో ఫోన్‌ను కలిపి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైరు కనెక్షన్‌గా గుర్తిస్తుంది. ఫోన్ వైఫైలో ఉంటే, చాలా ఫోన్లలో ఆ నెట్‌నే ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది, మొబైల్ డేటా ఖర్చుకాదు. తర్వాత ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’, మింట్‌లో ‘డ్రైవర్ మేనేజర్’ తెరిచి సూచించిన డ్రైవర్ వేసి, రీస్టార్ట్ చేయండి. డెబియన్ వాడేవారు 12 లేదా ఆ తర్వాతి వెర్షన్ తీసుకోండి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి చాలా కార్డుల ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది.

5. డ్రైవర్ వేసినా పనిచేయకపోతే ‘సెక్యూర్ బూట్’ అడ్డుపడుతూ ఉండవచ్చు. డ్రైవర్ వేసేటప్పుడు పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టి, గుర్తుంచుకోండి. రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చినప్పుడు ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. కంగారుపడి ఆ తెరను దాటేస్తే డ్రైవర్ పనిచేయదు.

6. ‘కనెక్టెడ్’ అంటూనే పేజీలు తెరుచుకోకపోతే తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన ల్యాప్‌టాప్ ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తుంది. తేదీ తప్పితే బ్రౌజర్ సైట్ల భద్రతా పత్రాలను నమ్మదు.

7. విండోస్, లినక్స్ రెండూ ఉంచుకున్నవారు విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపేయాలి. లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, కొన్ని కార్డులు లినక్స్‌లో లేవవు.

మార్చే ముందే చేయవలసినవి

పై తిప్పలన్నిటికీ మేలైన మందు ముందుజాగ్రత్త. ఉబుంటు, మింట్‌లను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. హార్డ్ డిస్క్‌లో ఏదీ చెరిగిపోదు. అలా నడిపినప్పుడు వైఫై వస్తే ఇన్‌స్టాల్ చేశాక కూడా దాదాపుగా వస్తుంది. రాకపోతే కార్డు పేరు రాసుకుని, డ్రైవర్ సంగతి తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. సర్టిఫికెట్లు, నోట్సు మరో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. దరఖాస్తు గడువు వారంలో మాత్రం ఓఎస్ జోలికి పోవద్దు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. తమ్ముళ్లకు పాత ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు దానిలోని వైఫై కార్డు పేరు ఒక చీటీ మీద రాసి అడుగున అంటించండి. చదివిన తమ్ముళ్లు పక్క గదివారికి నేర్పండి. ఒక్కరు నేర్చుకుంటే ఫ్లోరంతటికీ పనికొచ్చే విద్య ఇది.