కానుగ చెట్టు కింద ఇరవై నిమిషాలు

పోయిన సెమిస్టర్ రెండో మిడ్‌కి ముందు రాత్రి ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకంలో ఒకే పేజీని నాలుగుసార్లు చదివా. నాలుగోసారి కూడా అందులో ఏముందో అడిగితే చెప్పలేను. మొదటి మిడ్ మార్కులు ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఆ భయం ఒకటి. కాసేపు రెస్ట్ తీసుకుందామని ఫోన్ తీశా. నలభై నిమిషాలు రీల్స్ చూశాక తల ఇంకా బరువెక్కింది. ఈ సీన్ మీలో చాలామందికి కొత్తేం కాదు, అందుకే ఈ వ్యాసం.

నిద్ర పట్టక తెల్లవారుజామున హాస్టల్ వెనక సిమెంట్ బెంచీ మీద కూర్చున్నా. తోటపని చేసే బాబాయ్ మొక్కలకి నీళ్లు పెడుతున్నారు.

"ఏమ్మా, రాత్రంతా పడుకోలేదా?"

"లేదు బాబాయ్. ఇదేం చెట్టు?"

"కానుగ తల్లీ. ఏడాది నుంచి దీని కిందనుంచేగా క్లాసుకి వెళ్తున్నావు!"

సిగ్గేసింది. చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. బైనరీ ట్రీ తెలుసు, ఏవీఎల్ ట్రీ తెలుసు, రోజూ నా నెత్తి మీద నీడ పట్టే చెట్టు పేరు మాత్రం తెలీదు. ఆ ఆకుల్ని, కొమ్మ మీద పరుగెత్తే ఉడతని చూస్తూ ఇరవై నిమిషాలు ఉండిపోయా. రూమ్‌కి వెళ్లి అదే పేజీ తీస్తే ఈసారి అర్థమైంది. మిడ్‌లో టాపర్‌నేం కాలేదు, గట్టెక్కా. కానీ ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. వెతికితే దీని మీద నలభై ఏళ్ల పరిశోధన ఉంది.

అలసిపోయేది ఏది?

అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే భార్యాభర్తలు 1989లో ఒక పుస్తకం రాశారు. వాళ్లు చెప్పింది సింపుల్‌గా ఇది. మన శ్రద్ధ రెండు రకాలు. ఒకటి, మనం బలవంతంగా పట్టి ఉంచేది. లెక్చర్ వినేటప్పుడు, కోడ్‌లో తప్పు వెతికేటప్పుడు వాడేది ఇదే. అడ్డొచ్చే ఆలోచనల్ని ఆపుతూ ఉండాలి కాబట్టి ఇది అలసిపోతుంది. రెండోది, దానంతట అదే వెళ్లేది. కదిలే ఆకులు, మబ్బులు, పారే నీళ్లు మన చూపుని మెల్లగా లాగుతాయి, కానీ మననుంచి ఏమీ అడగవు. ఆ కాసేపట్లో మొదటి రకం శ్రద్ధకి విశ్రాంతి దొరుకుతుంది.

రీల్స్ కూడా చూపుని లాగుతాయి కదా అని నాకూ డౌట్ వచ్చింది. తేడా ఏంటంటే, ఆకులు చూస్తూ మన ఆలోచనలు మనం ఆలోచించుకోవచ్చు. రీల్ ఆ ఖాళీ ఉంచదు. నాకు అర్థమైనంతవరకు ఆ రాత్రి నేను తీసుకున్నది రెస్ట్ కాదు.

కొలిచి చూసినవాళ్లు

రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు చూశారు. కొందరి కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, కొందరికి ఇటుక గోడ. వయసు వగైరా కలిసేలా 23 జతలు చేసి పోల్చారు. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజులకి, గోడ కనిపించినవాళ్లు 8.70 రోజులకి ఇంటికెళ్లారు. చెట్ల వైపు వాళ్లకి గట్టి నొప్పి మందులు కూడా తక్కువే పట్టాయి. ఇది 1984లో సైన్స్ పత్రికలో వచ్చింది.

మనకి ఇంకా దగ్గరగా ఉండేది 2008 నాటి మార్క్ బెర్మన్ ప్రయోగం. అందులో పాల్గొన్నది మనలాంటి స్టూడెంట్లే. వాళ్లకి కొన్ని అంకెలు చెప్పి, వెనకనుంచి ముందుకు చెప్పమన్నారు. అంటే బుర్రలో స్టాక్ పెట్టుకుని పాప్ చేయడమన్నమాట. తర్వాత దాదాపు గంటసేపు నడక, మళ్లీ అదే పరీక్ష. ఒక వారం చెట్ల తోటలో నడిస్తే, ఇంకో వారం ట్రాఫిక్ ఉన్న వీధుల్లో. తోటలో నడిచాక స్కోరు బాగా పెరిగింది. వీధుల్లో నడిచాక అంతగా పెరగలేదు. గడ్డకట్టే చలిలో, పెద్దగా ఇష్టం లేకుండా నడిచినవాళ్లకీ ఈ లాభం వచ్చిందట!

2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది వివరాలు చూస్తే, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా ఒకటే. ఇక్కడ ఒక జాగ్రత్త. బాగున్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తూ ఉండొచ్చు కూడా. సంబంధం కనిపించినంత మాత్రాన అదే కారణం అనేయకూడదని మన స్టాటిస్టిక్స్ సార్ చెప్తూనే ఉంటారు.

చెట్టు చేయలేనిది

ఇది రాయకపోతే తప్పు చేసినట్టే. ఇదంతా చదివిన ఉత్సాహంలో, క్లాసులు మానేసి రోజంతా పడుకునే నా రూమ్మేట్‌ని కూడా రోజూ ఆ బెంచీ దగ్గరికి లాక్కెళ్లా. వారం గడిచినా తను సరిగ్గా తినలేదు, మాట్లాడలేదు. ఒకరోజు, "నీకు పనిచేసింది నాకు పనిచేయట్లేదు, అది కూడా నా తప్పేనా?" అని ఏడ్చింది. అప్పుడు భయమేసింది. వాళ్ల అక్కకి ఫోన్ చేశాం, డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు మందులు, కౌన్సెలింగ్ నడుస్తున్నాయి. ఈ సంగతి రాయమన్నది తనే.

అలసటకి చెట్టు నీడ సాయం చేస్తుంది. జబ్బుకి వైద్యం కావాలి. రెండు వారాలకి పైగా దిగులు వదలకపోయినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సర్వీస్ ఇది. ఉచితం, ఏ టైంలో అయినా, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

మనం చేయగలిగేది

రోజుకి ఇరవై నిమిషాలు, వారంలో ఆరు రోజులు. లెక్క సరిగ్గా 120 వస్తుంది! అరకు దాకా వెళ్లక్కర్లేదు, క్యాంపస్‌లో చెట్టున్న చోటు చాలు. ఫోన్ రూమ్‌లో వదిలేయండి, ఇయర్‌ఫోన్స్ కూడా. ఏదైనా సాధించాలని కూర్చోవద్దు, ఊరికే చూడండి.

నా రూమ్మేట్ ఇప్పుడు అప్పుడప్పుడు తనంతట తనే బెంచీ దగ్గరికి వస్తోంది. నేను పిలవడం మానేశా, పక్కన చోటు మాత్రం ఉంచుతున్నా.

మీ బ్లాక్ ముందున్న చెట్టు పేరేంటో మీకు తెలుసా? తెలియకపోతే రేపు తోటపని చేసేవాళ్లని అడగండి. వచ్చే సంచికకి రాసి పంపండి.