ఇంటిపన్ను: లెక్కయు న్యాయమును
(తల్లిదండ్రుల కొక పాఠము)

ఇంటిపన్ను నోటీసు మనలో ప్రతి గృహస్థునకు పరిచితమైన కాగితమే. కాని దానిని చివరివరకు చదివి, అందలి అంకె ఎట్లు వచ్చినదో తెలిసికొనువారు మిక్కిలి తక్కువ. కొందరు గొణుగుకొనుచు చెల్లింతురు. కొందరు తెలిసినవారి సిఫారసుతో తమ యొక్కరి పన్ను తగ్గించుకొన జూతురు. మఱికొందరు నోటీసును పెట్టె యడుగున దాచి, జప్తు మాట వినబడినప్పుడు తొందరపడుదురు. ఈ మూడును కాక మఱియొక మార్గమున్నది: లెక్క తెలిసికొని, ఇరుగుపొరుగువారితో కలిసి, చట్టము చూపిన ద్వారమున నిలిచి న్యాయ మడుగుట. ఆ మార్గమును గూర్చియే ఈ వ్యాసము.

1. న్యాయమైన పన్ను అనగా నేమి?

న్యాయమైన పన్ను అనగా కేవలము తక్కువ పన్ను కాదు. వీధిదీపము, మురుగుకాలువ, మంచినీటి గొట్టము, చెత్తబండి, వీని ఖర్చునకు పురపాలక సంఘము చేతనున్న సొంత ఆదాయములలో ఇంటిపన్ను ముఖ్యమైనది. ఒకరు పలుకుబడిచే తమ వంతు తప్పించుకొన్నచో ఆ భారము పక్క యింటివానిపై బడును, లేదా ఆ వీధికి దీపము రాకుండ పోవును. కావున న్యాయమునకు మూడు లక్షణములు చెప్పవచ్చును: పన్నునకు చట్టము ఆధారముగా నుండవలెను, సమానమైన యిండ్లకు సమానమైన పన్ను ఉండవలెను, లెక్క చెల్లించువానికి తెలియవలెను.

మొదటి లక్షణము మన రాజ్యాంగములోనే యున్నది. చట్టము యొక్క అధికారము లేక ఏ పన్నును విధింపరాదని 265వ అధికరణము శాసించుచున్నది. రెండవదానికి కేరళ రాష్ట్రపు కథ యొకటి చక్కని ఉదాహరణము. అచ్చట 1961 నాటి భవనముల పన్ను చట్టము కట్టడపు విస్తీర్ణము నొక్కదానినే చూచి పన్ను వేసెను. పల్లెలోని గోదామైనను, నగరపు నడివీధిలోని అంగడియైనను కొలత యొకటియే యైనచో పన్నును ఒకటియే. ఇల్లు ఎచ్చటనున్నది, దేనితో కట్టినది, దానివలన వచ్చుబడి యెంత అను విచారణ లేదు. సుప్రీము కోర్టు ఆ చట్టమును కొట్టివేసెను. అసమానులను సమానులుగా జూచుటయు అసమానతయే యని ఆ తీర్పు సారాంశము. తరువాత 1975లో అచ్చట కొత్త చట్టము చేయవలసి వచ్చెను.

2. చీరాల–పేరాల నేర్పిన పాఠము

స్థానికపు పన్నుల విషయమున సామాన్య ప్రజలు చేసిన పోరాటములలో తెలుగువారి చరిత్రయందు మిన్నయైనది చీరాల–పేరాల ఉద్యమము. దానిని స్వాతంత్ర్యోద్యమములో నొక ఘట్టముగా మన పిల్లలు చదువుదురు. కాని అది పన్నుతోనే మొదలైనదని, పన్ను లెక్కతోనే మొదలైనదని గమనించువారు కొలదిమంది.

చీరాల, పేరాల అప్పటి గుంటూరు జిల్లాలో ఒకదానినొకటి ఆనుకొనియున్న ఊళ్లు. నేతపనివారు, చిన్న రైతులు, చిల్లర వర్తకులు అచ్చట ఎక్కువ. రెండింటి జనాభా కలిపి సుమారు 15,000. యూనియను పరిపాలనలో నున్నప్పుడు వారు చెల్లించు పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వము ఈ ఊళ్లను కలిపి మునిసిపాలిటిగా మార్చ నిశ్చయించెను. మునిసిపాలిటి యైనచో పన్ను భారము సుమారు 40,000 రూపాయలకు పెరుగునని తేలెను. అనగా పదిరెట్లు. మగ్గముపై బ్రదుకు వారికి ఇది మోయరాని బరువు. పైగా అంత ధనమునకు తగిన సౌకర్యము తమ కేమి లభించునో చెప్పువారు లేకపోయిరి.

ప్రజలు మొదట చేసినది ధిక్కారము కాదు, విన్నపము. అర్జీలు పంపిరి, సభలు చేసిరి. ప్రభుత్వము వినలేదు. అప్పుడు ఎన్నికైన కౌన్సిలరులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము తన యుద్యోగితోనే మునిసిపాలిటిని నడిపింప సాగెను. ప్రజలు పన్ను చెల్లింప నిరాకరింపగా పలువురికి జైలుశిక్షలు పడెను. శిక్షపడినవారిలో ఒక స్త్రీ కూడ నుండెను.

ఈ ఉద్యమమునకు నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరోలో ఉన్నతవిద్య నభ్యసించి వచ్చిన ఈయన 'ఆంధ్రరత్న' బిరుదముచే ప్రసిద్ధుడు. ఆయన శిక్షణ మిచ్చిన స్వచ్ఛంద సేవకుల దళమునకు 'రామదండు' అని పేరు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. అహింసతో పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచి పోవుట మఱొకటి యని ఆయన రెండు మార్గములు చూపెను. మునిసిపాలిటి యెల్ల లోపల నివసించినంత కాలమే కదా ఆ పన్ను! ప్రజలు రెండవ మార్గమును గ్రహించిరి.

ఆ ఏప్రిలు నెల చివరలో, మండు వేసవిలో, సుమారు 13,000 మంది తమ యిండ్లను విడిచి యెల్ల యావల తాటాకు పాకలు వేసికొనిరి. ఆ క్రొత్త ఊరికి రామనగర మని పేరు పెట్టిరి. అచ్చట తమ పంచాయతిని తామే నడుపుకొనిరి. ఎండను, వానను, చలిని ఓర్చుకొని సుమారు పదునొకండు మాసములు అచ్చటనే యుండిరి. ఈ నడుమ గోపాలకృష్ణయ్యగారిని బరంపురములో అరెస్టు చేసి ఒక యేడు జైలుశిక్ష విధించిరి. బరంపురము నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనిది, నేడు ఒడిశాలోనిది. అచ్చటి తెలుగువారు ఈ కథలో తమకును పాలున్నదని చెప్పుకొనదగును. నాయకుడు చెరలో నుండుట, ధనము చాలకుండుట మొదలగు కారణములచే 1922లో ప్రజలు మరల తమ యిండ్లకు చేరుకొనిరి. వారి కోరిక నాడు నెరవేరలేదు.

మఱి ఈ కథ నేర్పున దేమి? వారి పట్టుదల యెంత గొప్పదో, వారికి మూయబడిన ద్వారములును అన్నియే. నాడు వోటుహక్కు ఆస్తి, పన్ను అర్హతలు గల కొలదిమందికే. అర్జీని వినవలసిన నిర్బంధము ప్రభుత్వమునకు లేదు. ప్రజలు ఊరినే విడువవలసి వచ్చుటకు కారణ మిదియే. నేడు మనకు ఎన్నికైన కౌన్సిలు కలదు, వయోజనులందరికి వోటు కలదు, నోటీసుపై ఆక్షేపణ చెప్పు హక్కు కలదు, అప్పీలు కలదు. రామనగరపు పాకలలో వారు పదునొకండు మాసములు వెదకినది ఈ ద్వారములనే. అవి తెఱచియుండగా లోపలికి అడుగిడకుండుట మన లోపమే యగును.

3. అంకె ఎట్లు వచ్చును?

ఇంటిపన్ను కట్టు పద్ధతులు మన దేశమున ముఖ్యముగా మూడు. మొదటిది అద్దె విలువ పద్ధతి. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టము దీనినే గైకొనెను. ఇల్లు అద్దెకిచ్చినచో న్యాయముగా ఎంత వచ్చునో ఆ వార్షికపు అద్దెలో, కట్టడమునకు చెందిన భాగమునుండి నూటికి పది వంతున మరమ్మతులకై తీసివేసి, మిగిలినదానిపై పన్ను వేయుదురు. రెండవది విస్తీర్ణపు పద్ధతి. ఊరిని మండలములుగా విభజించి, చదరపు అడుగు కింత యని నిర్ణయించి, కట్టడపు రీతిని, వయస్సును, వాడుకను బట్టి హెచ్చుతగ్గులు చేయుదురు. బెంగుళూరు నగరమున 2000లో గృహస్థుడే తన పన్నును తాను లెక్కించి చెల్లించు విధానము వచ్చెను. 2008లో విస్తీర్ణపు విలువ పద్ధతి వచ్చెను. మూడవది మూలధనపు విలువ పద్ధతి. ఆస్తి అమ్మకపు విలువపై ఇంత వంతు అని వేయుదురు. ముంబయిలో 2010 నుండి ఇది అమలులోనికి వచ్చెను.

మొదటి పద్ధతికి ఒక చిన్న లెక్క చేసి చూతము. ఒక యింటి న్యాయమైన అద్దె నెలకు 1,000 రూపాయలనుకొందము. ఏటికి 12,000. అందు 2,000 స్థలమునకు, 10,000 కట్టడమునకు అనుకొన్నచో, కట్టడపు భాగములో నూటికి పది వంతున 1,000 తీసివేయగా మిగిలినది 11,000. పన్ను నూటికి 10 చొప్పున 1,100 రూపాయలు. ఇప్పుడు కొలతకు వచ్చిన ఉద్యోగి పొరపాటున అద్దెను 1,500 అని వ్రాసెననుకొనుడు. ఏటికి 18,000, స్థలమునకు 3,000, కట్టడమునకు 15,000, తీసివేత 1,500, మిగిలినది 16,500, పన్ను 1,650. ఒక్క గడిలోని ఒక్క తప్పు ఏటేట 550 రూపాయల తేడాగా నిలిచిపోవును. పదియేండ్లకు అది 5,500. నోటీసులో మనకు కనబడునది చివరి యంకె మాత్రమే. తప్పు దాగియుండునది దానికి పై గడిలో.

తప్పులు తరచుగా కొన్ని తావులందే దొరకును: విస్తీర్ణపు కొలత, కట్టిన సంవత్సరము, కాపురపు ఇంటిని వ్యాపారపు కట్టడముగా వ్రాయుట, ఇల్లు ఏ మండలములో నున్నదను విషయము. చట్టము చదువనివాడైనను టేపు పట్టుకొని వీనిని సరిచూడగలడు.

4. పదిమంది పని

ఒకడు పోయి అడిగినచో అది మనవి; వీధి యంతయు లెక్కతో పోయి అడిగినచో అది వాదము. అందుకు సాధనము మిక్కిలి చిన్నది: ఒక నోటుబుక్కు. ఒకే వీధిలోని పది యిండ్ల విస్తీర్ణము, వయస్సు, వాడుక, పన్ను, వీనిని వరుసగా నాలుగు గడులలో వ్రాయవలెను. సమానమైన రెండిండ్లకు అసమానమైన పన్ను ఉన్నచో ఆ పట్టికయే మాటలాడును. ఏ ఇంటికైనను పన్ను తక్కువగా నున్నట్లు తేలినచో దానిని కూడ దాచక వ్రాయుటకు సిద్ధపడవలెను. అట్లు చేయని సంఘమునకు విలువ లేదు.

తరువాత గడువు. నోటీసులో ఆక్షేపణకు ఇన్ని దినములని యుండును. అది దాటినచో సత్యమైన ఫిర్యాదు కూడ చెల్లక పోవచ్చును. అర్జీకి అంకితము వేయించిన ప్రతిని గాని రసీదును గాని పుచ్చుకొని భద్రపఱచుకొనవలెను. కావలసిన కాగితము కార్యాలయమున చూపనిచో 2005 సమాచార హక్కు చట్టము క్రింద దానిని అడుగవచ్చును. వివాదము జరుగుచున్నదని పన్ను ఆపుట మంచిది కాదు. పెక్కు పురపాలక చట్టములు పన్ను చెల్లించిన పిదపనే అప్పీలును విచారించును. ఆక్షేపణకు లోబడి చెల్లించుచున్నానని వ్రాసి చెల్లించుట మేలు.

ఓపికయు కావలెను. ముంబయిలో మూలధనపు విలువ నిబంధనలు కొన్ని, స్థలముపై ముందు ముందు కట్టదగిన కట్టడపు అవకాశమును కూడ లెక్కించి పన్ను వేయుటకు తావిచ్చెను. ఆస్తిదారుల సంఘము దీనిని ఎదిరించెను. ఉన్నదానిపైనే పన్ను గాని, రాబోవు అవకాశముపై కాదని 2022 నవంబరులో సుప్రీము కోర్టు ఆ నిబంధనలను త్రోసిపుచ్చెను. 2010 నాటి నిబంధనలకు 2022లో తీర్పు! పండ్రెండేండ్లు కాగితములను భద్రపఱచిన వారికే అట్టి ఫలము దక్కును.

5. భాష అడ్డుగోడ కారాదు

మన యిండ్లకు వచ్చు నోటీసు పెక్కు చోట్ల తెలుగులో నుండదు. కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో యుండును. తరతరములుగా ఈ గడ్డపై నున్నను, ఇంటిలోని పెద్దలలో ఆ లిపి చదువరానివారు కొందరున్నారు. అట్టివారు నోటీసుకు భయపడుటయు, మధ్యవర్తి చెప్పిన మాటనే నమ్ముటయు కలదు. మనపై పడు అన్యాయపు పన్నులో కొంత నిజముగా ఈ చదువరాని తనమునకు చెల్లించు పన్నే.

రాజ్యాంగపు 350వ అధికరణము ఈ సందర్భమున గుర్తుంచుకొనదగినది. తన కష్టమును నివారింపుమని ఏ అధికారికైనను విన్నవించుకొను వ్యక్తి, ఆ రాష్ట్రములో వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నపము సమర్పింపవచ్చునని అది చెప్పుచున్నది. 1956లో చేర్చిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. మన పాఠశాలకు ఆధారమైన భావమును, మన అర్జీకి ఆధారమైన హక్కును ప్రక్కప్రక్కనే యున్నవి. అయితే జవాబు కూడ అదే భాషలో రావలెనని 350వ అధికరణము చెప్పుట లేదు. కావున తెలుగు అర్జీతో పాటు రాష్ట్ర భాషలో నొక ప్రతిని జతపఱచుట వివేకము.

ఆ రెండవ ప్రతిని వ్రాయగలవారు మన యింటనే యున్నారు. మన పాఠశాల పిల్లలు తెలుగును నేర్చుచున్నారు, రాష్ట్ర భాషను నేర్చుచున్నారు, గణితమును నేర్చుచున్నారు. ఈ మూడు విద్యలును ఒకే కాగితముపై పనికివచ్చు తావు ఇంటిపన్ను నోటీసు. పై తరగతుల బాలుడు గాని బాలిక గాని ఆ నోటీసును చదివి, తాతకో అవ్వకో తెలుగులో చెప్పి, లెక్క సరిచూచి యిచ్చినచో, పౌరశాస్త్రమున అంతకు మించిన పాఠము లేదు.

ఇంట చర్చించుటకు ప్రశ్నలు

1. మీ యింటి పన్ను నోటీసులో విస్తీర్ణము, కట్టిన సంవత్సరము, వాడుక ఎట్లు వ్రాసియున్నవి? అవి సరియైనవేనా?
2. మీ ఊరిలో పన్ను కట్టు పద్ధతి పైన చెప్పిన మూడింటిలో ఏది?
3. ఆక్షేపణకు గడువు ఎన్ని దినములు? దానిని ఎవరికి సమర్పింపవలెను?
4. చీరాల–పేరాల ప్రజలకు లేని ఏ యే మార్గములు నేడు మనకున్నవి? వానిలో మీ యింటివారు ఇంతవరకు వినియోగించిన వెన్ని?
5. మీ వీధిలో పన్ను తగ్గవలసిన యిల్లు ఏది? పెరుగవలసిన యిల్లు ఏది? రెండవ ప్రశ్నకు కూడ నిర్భయముగా జవాబు వ్రాయుడు.